గాల్లో మిగిలిన నిమిషాలు నేల మీద ఎక్కడ పోతాయి?

రోడ్డు ప్రమాదంలో గాయపడినవారు ఆసుపత్రికి చేరేలోపే కన్నుమూశారన్న వార్త వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది: హెలికాప్టర్ ఉండి ఉంటే బతికేవారు. నాయకుల పర్యటనలకు, పెళ్లిళ్లలో పూలు చల్లడానికి దొరికే హెలికాప్టర్ చావుబతుకుల్లో ఉన్న మనిషికి ఎందుకు దొరకదన్న ఆక్రోశం అందులో ఉంది. ఆ ఆక్రోశాన్ని తప్పు పట్టలేం. అయితే రోగుల కోసం హెలికాప్టర్లు నడిపిన అనుభవం ప్రపంచానికి యాభై ఏళ్లకు పైగానే ఉంది. ఎవరికి మేలు జరిగింది, ఎవరికి జరగలేదు, ఎంత ఖర్చయింది, ఎంత ప్రాణనష్టం జరిగింది అన్నవాటికి లెక్కలున్నాయి. వాటిని చదివితే రెండు వాహనాల వేగాలను పక్కపక్కన పెట్టి చూడటం వల్ల తేలేది చాలా తక్కువని అర్థమవుతుంది. ఫోను మోగిన క్షణం నుంచి, ఆ గాయానికి వైద్యం చేయగల డాక్టరు చేయి పడే క్షణం వరకు నడిచే గడియారాన్ని మొత్తంగా చూడాలి. ఎగిరే సమయం అందులో ఒక ముక్క మాత్రమే.

ఒక ఊహాత్మక ఉదాహరణతో లెక్క వేద్దాం. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీద సూర్యాపేట దగ్గర పట్టపగలు కారు బోల్తా పడింది. ఒకరి తలకు బలమైన గాయమైంది, న్యూరోసర్జన్ అవసరం. హైదరాబాద్ అక్కడికి రోడ్డు మార్గంలో దాదాపు 135 కిలోమీటర్లు. 108 వాహనం ఇరవై నిమిషాల్లో వచ్చిందనుకుందాం. మెడకు పట్టీ వేసి, ఆక్సిజన్ పెట్టి, స్ట్రెచర్ మీదికి ఎక్కించడానికి మరో పది నిమిషాలు పడుతుంది. అక్కడి నుంచి ఎల్బీ నగర్ రద్దీని కూడా దాటి పెద్దాసుపత్రికి చేరడానికి రెండున్నర గంటలు. మొత్తం మూడు గంటలు.

ఇప్పుడు హెలికాప్టర్ హైదరాబాద్‌లో సిద్ధంగా ఉందనుకుందాం. వేగం గంటకు 230 కిలోమీటర్లు. సరళరేఖలో దూరం 125 కిలోమీటర్ల లోపే కాబట్టి ఎగిరేది అరగంటకు కాస్త పైన. వినగానే సమస్య తీరిపోయినట్టు అనిపిస్తుంది. కానీ హెలికాప్టర్ కావాలని ఎవరు చెప్పాలి? చాలా వ్యవస్థల్లో అంబులెన్స్ సిబ్బంది ముందు చేరుకుని, రోగిని చూసి, అప్పుడు కబురు పంపుతారు. అంటే ముప్పై నిమిషాలు అక్కడే అయిపోయాయి. పైలట్ వాతావరణం చూసుకుని, అనుమతి తీసుకుని, ఇంజిన్లు తిప్పి పైకి లేవడానికి పది నిమిషాలు. ప్రయాణం ముప్పై రెండు. దిగడానికి పోలీసులు రోడ్డు ఖాళీ చేయించాలి, కరెంటు తీగలు లేని చోటు వెతకాలి. అయిదు నిమిషాలు వేసుకుందాం. హెలికాప్టర్‌లో వచ్చిన వైద్య బృందం రోగిని తమ చేతుల్లోకి తీసుకోవాలి. గాల్లో చేయలేని పనులన్నీ నేల మీదే ముగించాలి. ఊపిరి గొట్టం వేయాలంటే ఇక్కడే వేయాలి. ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూ. తిరుగు ప్రయాణం మళ్లీ ముప్పై రెండు. ఆసుపత్రి డాబా మీదే హెలిప్యాడ్ ఉంటే లోపలికి చేరడానికి ఏడెనిమిది నిమిషాలు. కూడితే రెండుంబావు గంటలు దాటుతుంది.

ఆదా నలభై నిమిషాలకు పైగానే. ఇది చిన్నది కాదు. కానీ ఆసుపత్రికి హెలిప్యాడ్ లేక బేగంపేటలోనో, ఏదో ఒక మైదానంలోనో దిగి, అక్కడ మళ్లీ ఒక అంబులెన్స్ ఎక్కించాల్సి వస్తే అందులో సగానికి పైగా ట్రాఫిక్ మింగేస్తుంది. తొలి ఫోను రాగానే హెలికాప్టర్‌ను పంపేస్తే ఇంకో ముప్పై నిమిషాలు కలిసొస్తాయి. దానికి బదులుగా చెయ్యి విరిగినవాడి కోసం కూడా హెలికాప్టర్ ఎగరడం మొదలవుతుంది. ఇంకో దారి ఉంది. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. దానికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో రాత్రింబవళ్లు సీటీ స్కాన్, రక్తం, తల గాయాలకు ఆపరేషన్ చేయగల సర్జన్ దొరికేలా చూస్తే ఈ లెక్క అంతా అనవసరమైపోతుంది. ప్రమాదస్థలం నుంచి అది పదిహేను నిమిషాలు.

ఈ లెక్కలోని అంకెలు ఊహించినవే అయినా, దాని స్వభావం ఊహ కాదు. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ప్రాంతంలో ఆసుపత్రికి చేరిన సమయాలను పరిశీలించిన పరిశోధకులు 2005లో ఇదే తేల్చారు. పది మైళ్లు, అంటే పదహారు కిలోమీటర్ల లోపు దూరానికి రోడ్డు అంబులెన్సే ముందు చేరింది. రెండింటినీ ఒకేసారి పంపినప్పుడు పది మైళ్లు దాటాక హెలికాప్టర్ గెలిచింది. అంబులెన్స్ వెళ్లి చూసి, ఆ తర్వాత హెలికాప్టర్‌ను పిలిచిన సందర్భాల్లో మాత్రం నలభై అయిదు మైళ్లు, అంటే డెబ్భై రెండు కిలోమీటర్లు దాటితే తప్ప గాలి మార్గానికి పైచేయి రాలేదు. వాహనం మారలేదు, వేగం మారలేదు. పిలిచే పద్ధతి మారితే సరిహద్దు పదహారు నుంచి డెబ్భై రెండుకు జరిగింది. హెలికాప్టర్ల గురించి మాట్లాడేవారు ఇంజిన్ల గురించి కన్నా కంట్రోల్ రూమ్ గురించి ఎక్కువ మాట్లాడాలనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

గోల్డెన్ అవర్ కథ

గాయపడినవారిని హెలికాప్టర్‌లో మోయాలన్న ఆలోచన యుద్ధాల నుంచి వచ్చింది. కొరియాలో, వియత్నాంలో గాయపడ్డ సైనికులను హెలికాప్టర్లలో శస్త్రచికిత్స శిబిరాలకు చేర్చిన అమెరికా, ఆ పద్ధతిని రోడ్ల మీదికి తెచ్చింది. బాల్టిమోర్ సర్జన్ ఆర్. ఆడమ్స్ కౌలీ పట్టుదల వల్ల మేరీలాండ్ రాష్ట్ర పోలీసు హెలికాప్టర్ 1970 మార్చిలో క్షతగాత్రులను మోయడం మొదలుపెట్టింది. అదే ఏడాది నవంబరులో జర్మనీలోని మ్యూనిక్‌లో క్రిస్టోఫ్ 1 అనే హెలికాప్టర్ వచ్చింది. అప్పట్లో పశ్చిమ జర్మనీ రోడ్ల మీద ఏటా 19 వేల మందికి పైగా చనిపోతున్నారు.

గాయం తగిలిన తొలి గంటలో వైద్యం అందాలన్న ‘గోల్డెన్ అవర్’ భావన కౌలీ ప్రచారంలోకి తెచ్చిందే. అది ఇప్పుడు మన చట్టంలోనూ ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం గోల్డెన్ అవర్‌ను గాయం తర్వాతి ఒక గంటగా నిర్వచించింది. అయితే ఆ అరవై నిమిషాలకు శాస్త్రీయ ఆధారం ఎక్కడుందని 2001లో ఇద్దరు అమెరికా పరిశోధకులు పాత సాహిత్యమంతా వెతికితే గట్టి ఆధారం దొరకలేదు. ఉత్తర అమెరికాలో 3,656 మంది తీవ్ర క్షతగాత్రులపై 2010లో వచ్చిన అధ్యయనం కూడా అంబులెన్స్ దశలో గడిచిన నిమిషాలకు, మరణాలకు నేరుగా సంబంధం చూపలేకపోయింది.

దీన్ని బట్టి ఆలస్యమైనా ఫరవాలేదని అర్థం చేసుకుంటే ప్రమాదం. కడుపులో రక్తస్రావం అవుతున్నవారికి అయిదు నిమిషాలు ప్రాణంతో సమానం. పక్షవాతంలో మెదడు కణాలు నిమిషానికి లక్షల్లో చచ్చిపోతాయి. రక్తపు గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల లోపే పడాలి. తీవ్రమైన గుండెపోటులో మూసుకుపోయిన రక్తనాళాన్ని రెండు గంటల లోపు తెరవాలన్నది లక్ష్యం. తొడ ఎముక విరిగి, రక్తపోటు నిలకడగా ఉన్నవారికి మాత్రం నలభై నిమిషాల తేడా వల్ల పెద్దగా ఏమీ మారదు. అందరికీ ఒకే గంట అన్న నినాదం జనాన్ని కదిలించడానికి పనికొస్తుంది. ఏ వాహనం ఎవరికి పంపాలో తేల్చడానికి పనికిరాదు.

చనిపోయినవారి లెక్క ఎలా చదవాలి

రెండు రకాల అంబులెన్సులను పోల్చిన అధ్యయనాల్లో ఎక్కువగా ఉదహరించేది 2012లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. తీవ్రంగా గాయపడిన 2,23,475 మంది వివరాలు అందులో ఉన్నాయి. వారిలో 61,909 మంది హెలికాప్టర్‌లో, మిగిలిన 1,61,566 మంది రోడ్డు మార్గంలో ట్రామా కేంద్రాలకు, అంటే తీవ్ర గాయాలకు వైద్యం చేసే ప్రత్యేక ఆసుపత్రులకు చేరారు. చనిపోయినవారిని నేరుగా లెక్కపెడితే హెలికాప్టర్ వర్గంలో 12.6 శాతం, రోడ్డు వర్గంలో 11 శాతం. అక్కడితో ఆగితే హెలికాప్టర్ ఎక్కడమే ప్రాణాంతకమని రాయొచ్చు. అలా రాసేవారు కూడా ఉంటారు.

కిటుకు ఏమిటంటే హెలికాప్టర్‌ను పిలిచేది పరిస్థితి మరీ విషమించినవారికి. పెద్దాసుపత్రి ఐసీయూలో ఊళ్లోని క్లినిక్ కన్నా ఎక్కువమంది చనిపోతారు కదా, అలాగే. గాయం తీవ్రత, వయసు, రక్తపోటు, స్పృహ స్థాయి వంటివన్నీ సరిదిద్ది పోల్చినప్పుడు చిత్రం తిరగబడింది. అత్యున్నత స్థాయి ట్రామా కేంద్రాలకు వెళ్లినవారిలో హెలికాప్టర్ వల్ల మరణాలు ఒకటిన్నర శాతం తగ్గినట్టు తేలింది. అంటే ప్రతి 65 మంది తీవ్ర క్షతగాత్రులకు అదనంగా ఒక ప్రాణం.

ఇది మంచి ఫలితమే. వైద్యంలో ఇంతకన్నా బలహీనమైన ఆధారాలతో రోజూ వాడే మందులు చాలా ఉన్నాయి. అయితే ఆ ప్రాణాన్ని కాపాడింది వేగమా, హెలికాప్టర్‌లో వచ్చిన వైద్య బృందం నైపుణ్యమా, మామూలు ఆసుపత్రిని దాటవేసి నేరుగా ట్రామా కేంద్రానికి తీసుకెళ్లడమా అన్నది ఆ లెక్క చెప్పలేదు. మూడూ కలిసే వస్తాయి. వాటిలో రెండింటిని రోడ్డు అంబులెన్స్‌కు కూడా జోడించవచ్చన్న సంగతి మరిచిపోతే, మొత్తం ఘనత రెక్కలకే దక్కుతుంది. 2015లో అన్ని అధ్యయనాలనూ కలిపి చూసిన, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష, వాటి పద్ధతులు ఒకదానికొకటి పొంతన లేనంత వేరుగా ఉన్నాయని చెప్పి స్పష్టమైన తీర్పు ఇవ్వలేదు.

మరోవైపు చూస్తే, 2006లో వచ్చిన మరో విశ్లేషణ 22 అధ్యయనాల్లోని 37,350 మంది రోగులను పరిశీలించింది. ప్రమాదస్థలం నుంచి హెలికాప్టర్‌లో తెచ్చినవారిలో 60 శాతం మంది గాయాలు ప్రాణాపాయం లేనివి. ప్రతి నలుగురిలో ఒకరు 24 గంటల్లోపే ఇంటికి వెళ్లిపోయారు. రోడ్డు పక్కన రక్తం చూసిన మనిషికి తీవ్రత అంచనా వేయడం కష్టం. తక్కువ అంచనా వేసి ప్రాణం పోగొట్టడం కన్నా ఎక్కువ అంచనా వేయడమే మేలనుకోవడం సహజం. కానీ అనవసరంగా లేచిన ప్రతి హెలికాప్టర్ ఆ గంటన్నరలో ఇంకొకరికి అందదు.

డాక్టరును మోసే వాహనం

లండన్ నగరం ఈ వాదనను మరో వైపుకు తిప్పింది. అక్కడ 1989 నుంచి నడుస్తున్న ఎయిర్ అంబులెన్స్ ప్రధానంగా విరాళాలతో బతికే సేవాసంస్థ. రాయల్ లండన్ ఆసుపత్రి పైకప్పు మీద నుంచి లేచే ఆ హెలికాప్టర్ రోగిని మోసుకురావడం కన్నా డాక్టరును, పారామెడిక్‌ను రోగి దగ్గరికి దించడానికే ఎక్కువగా పనికొస్తుంది. కత్తిపోటుకు గుండె ఆగిపోయినవారి ఛాతీని ఆ డాక్టర్లు ఫుట్‌పాత్ మీదే తెరిచి ఆపరేషన్ చేసిన సందర్భాలున్నాయి. 2012 నుంచి రక్తాన్ని వెంట తీసుకెళ్తున్నారు. చికిత్స మొదలుపెట్టాక రోగులను ఎక్కువసార్లు మామూలు అంబులెన్స్‌లోనే, పక్కన ఆ డాక్టరు కూర్చుని, ఆసుపత్రికి తీసుకెళ్తారు. రాత్రిపూట హెలికాప్టర్ ఎగరదు. అదే బృందం కారులో వెళ్తుంది. అంటే ఆ సేవ పేరులో ఉన్నది విమానయానం, దాని బలం మాత్రం మనుషులు.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ అమెరికాలోని ఫిలడెల్ఫియా. తుపాకీ గాయాలు, కత్తిపోట్ల బాధితులను అక్కడి పోలీసులు అంబులెన్స్ కోసం ఆగకుండా తమ కారు వెనక సీట్లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్తారు. వైద్యం శూన్యం, వేగం మాత్రమే. అలా వెళ్లినవారు అంబులెన్స్‌లో వెళ్లినవారితో సమానంగానే బతుకుతున్నారని అక్కడి అధ్యయనాలు చెబుతున్నాయి. ట్రామా కేంద్రాలు దగ్గర్లోనే ఉన్న నగరం కాబట్టి అది సాధ్యమైంది. లండన్, ఫిలడెల్ఫియా రెండూ సరైనవే. మూడు కిలోమీటర్లలో ఆపరేషన్ థియేటర్ ఉంటే పరుగెత్తాలి. లేకపోతే థియేటర్‌లో చేసే పనిలో కొంతైనా రోగి దగ్గరికి రావాలి.

హెలికాప్టర్ లోపల పరిస్థితి గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఎందుకంటే బయటివారికి అది తెలియదు. ఇంజిన్ శబ్దంలో స్టెతస్కోపు వినిపించదు. ఇరుకు వల్ల రోగి శరీరంలో సగభాగం చేతికి అందదు. గుండె ఆగితే ఛాతీ నొక్కడం చాలా కష్టం. అందుకే అలాంటి అవకాశం ఉన్నవారిని ఎక్కించకపోవడమే మేలంటారు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన రోగిని ఎత్తుకు తీసుకెళ్తే ఆ గాలి వ్యాకోచిస్తుంది. మైదానాల్లో తక్కువ ఎత్తులో ఎగిరేటప్పుడు ఇది అంతగా పట్టించుకోవాల్సింది కాదు, హిమాలయాల్లో మాత్రం పట్టించుకోక తప్పదు. రోడ్డు అంబులెన్స్‌కు ఇలాంటి సందర్భాల్లో ఒక సౌకర్యం ఉంది: పక్కకు ఆపవచ్చు.

వాతావరణం, రాత్రి, మనసు

2008 సెప్టెంబరు 27 రాత్రి మేరీలాండ్‌లో కారు ప్రమాదంలో గాయపడ్డ ఇద్దరు యువతులను తీసుకెళ్తున్న పోలీసు హెలికాప్టర్ పొగమంచులో కూలిపోయింది. ఉన్న అయిదుగురిలో నలుగురు చనిపోయారు. నలభై ఏళ్లకు దగ్గరగా ప్రపంచానికి ఆదర్శంగా నిలిచిన వ్యవస్థ అది. ఆ తర్వాత అక్కడ నిబంధనలు మార్చారు. ప్రాణాపాయ లక్షణాలు స్పష్టంగా లేనివారికి హెలికాప్టర్ పిలవాలంటే ముందు ట్రామా కేంద్రంలోని డాక్టరుతో మాట్లాడాలి. హెలికాప్టర్ ప్రయాణాలు గణనీయంగా తగ్గాయి. అప్పటిదాకా ఎగిరినవాటిలో ఎన్ని నిజంగా అవసరమో ఆ తగ్గుదలే చెప్పింది.

ఈ రంగంలో ఉన్నవారు ఒక మంచి నియమం పాటిస్తారు: ఎగరాలో వద్దో నిర్ణయించేదాకా పైలట్‌కు రోగి ఎవరో చెప్పరు. అయిదేళ్ల పాప అని తెలిస్తే మబ్బులు పలచగానే కనిపిస్తాయి. వాతావరణం బాగా లేదని ఒక సంస్థ తిరస్కరిస్తే, ఆ సంగతి చెప్పకుండా మరో సంస్థకు ఫోను చేసే అలవాటు అమెరికాలో ప్రాణాలు తీసింది. 2014లో అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ, నేల దగ్గరపడుతున్నట్టు హెచ్చరించే పరికరాలను హెలికాప్టర్ అంబులెన్సులకు తప్పనిసరి చేస్తూ నిబంధనలు కఠినం చేసింది.

మబ్బు విషయంలో తెలుగువారికి వేరే దేశపు ఉదాహరణలు అక్కర్లేదు. లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి 2002 మార్చి 3న కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో, ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న నల్లమలలోని పావురాలగుట్ట దగ్గర హెలికాప్టర్ ప్రమాదాల్లోనే మరణించారు. రెండోసారి శకలాల జాడ తెలియడానికే మర్నాడు అయింది. రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగమంతా వెనక ఉన్న ప్రయాణాలకే ఈ గతి పట్టిందంటే, వానాకాలం రాత్రి అదే అడవి మీదుగా రోగి కోసం వెళ్లమని పైలట్‌ను అడగడానికి ముందు ఆలోచించాలి. రోడ్డు అంబులెన్సులు ప్రమాదాలకు అతీతమేమీ కావు. ఒక్క అమెరికాలోనే రెండు దశాబ్దాల సగటు తీస్తే ఏటా దాదాపు 4,500 అంబులెన్స్ ప్రమాదాలు, వాటిలో 33 మరణాలు. సైరన్ మోగిస్తూ దూసుకెళ్లడం వల్ల మిగిలేది చాలాసార్లు కొద్ది నిమిషాలేనని కూడా అక్కడ లెక్కలున్నాయి.

బిల్లు

ఖర్చు విషయంలో అమెరికా అనుభవం విచిత్రమైనది. విమాన చార్జీల మీద రాష్ట్రాల నియంత్రణ తీసేసిన 1978 నాటి చట్టం హెలికాప్టర్ అంబులెన్సులకూ వర్తించింది. ప్రయాణికుడు టికెట్ ధర చూసి విమానం ఎంచుకుంటాడు. స్పృహ లేని రోగి ఏం చూసి ఎంచుకుంటాడన్న ప్రశ్న ఆ చట్టానికి పట్టలేదు. 2017లో ఒక్క హెలికాప్టర్ ప్రయాణానికి వేసిన బిల్లు మధ్యస్థ విలువ 36,400 డాలర్లని ప్రభుత్వ ఆడిట్ కార్యాలయం తేల్చింది. అప్పటి మారకంలో 23 లక్షల రూపాయలకు పైమాటే. ఎక్కువ కేసుల్లో ఆ హెలికాప్టర్ కంపెనీ రోగి బీమా సంస్థ ఒప్పందంలో లేదు. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఇలాంటి హఠాత్ బిల్లుల నుంచి బీమా ఉన్నవారికి రక్షణ ఇచ్చింది. అందులోని వింత ఏమిటంటే, ఆ రక్షణ ఎయిర్ అంబులెన్స్‌కు ఉంది, రోడ్డు అంబులెన్స్‌కు లేదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తెలుగు తల్లిదండ్రులు తీసుకునే సందర్శకుల బీమాకు ఈ చట్టం వర్తించదు. పాలసీ కాగితంలో ఎయిర్ అంబులెన్స్‌కు పరిమితి ఎంతో బయల్దేరే ముందే చూసుకోవాలి.

అదే హెలికాప్టర్‌ను స్విట్జర్లాండ్‌లో లక్షల మంది పౌరులు ఏటా కట్టే చిన్న చందాలతో నడుపుకుంటున్నారు. ఖరీదైన సాధనమే అయినా బిల్లు ఎవరి నెత్తిన పడాలన్నది పూర్తిగా విధానపరమైన ఎంపిక. ఆ ఖర్చుకు తగ్గ ఫలం ఉందా అని 2013లో లెక్కించిన అమెరికా పరిశోధకులు, రోడ్డు అంబులెన్స్‌తో పోలిస్తే మరణాలు కనీసం 15 శాతం తగ్గితేనే గిట్టుబాటు అన్నారు. స్వల్ప గాయాలవారిని ఎక్కించిన కొద్దీ ఆ గిట్టుబాటు దూరమవుతుంది.

మన నేల మీద

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై, తర్వాత దేశంలోని అనేక రాష్ట్రాలకు పాకింది. డ్రైవర్‌ను అందులో పైలట్ అనే పిలుస్తారు. అంబులెన్స్ అంటే శవాన్ని ఇంటికి చేర్చే వ్యాను అన్న అభిప్రాయం పల్లెల్లో పోయిందంటే ఆ సేవ చలవే. ఆంధ్రప్రదేశ్ 2020 జులై 1న ఒకేసారి 412 కొత్త 108 వాహనాలను రోడ్డెక్కించింది. వాటిలో వెంటిలేటర్ స్థాయి సదుపాయాలున్న అధునాతన అంబులెన్సులు 104. నగరాల్లో 15, గ్రామాల్లో 20, ఏజెన్సీలో 30 నిమిషాల్లో చేరాలని అప్పుడు లక్ష్యం పెట్టుకున్నారు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. ఇంత పెద్ద సంఖ్యను పదో పాతికో హెలికాప్టర్లు కదిలించలేవు. కదిలించేది అంబులెన్సుల సంఖ్య, అందులో ఉండే అత్యవసర వైద్య సహాయకుడి (ఈఎంటీ) శిక్షణ, జిల్లా ఆసుపత్రి తలుపు తెరిచి ఉండటం.

అయినా హెలికాప్టర్‌కు మన దేశంలో చోటు లేదనడం సరికాదు. 2024 అక్టోబరులో రిషికేశ్ ఎయిమ్స్ ‘సంజీవని’ పేరుతో హెలికాప్టర్ అంబులెన్స్ మొదలుపెట్టింది. ఉత్తరాఖండ్ కొండల్లో నలభై కిలోమీటర్ల గాలి దూరం రోడ్డు మీద నాలుగైదు గంటలవుతుంది. కొండచరియ విరిగిపడితే ఎన్ని గంటలో చెప్పలేం. చార్‌ధామ్ యాత్రకు వెళ్లే తెలుగువారికి ఇది నేరుగా సంబంధించిన విషయం. కేదార్‌నాథ్ మూడున్నర వేల మీటర్లకు పైన ఉంది, గుండె జబ్బు ఉన్నవారిని ఆ ఎత్తు ఇబ్బంది పెడుతుంది. రిషికేశ్ పద్ధతిలో మెచ్చుకోదగిన సంగతి, హెలిప్యాడ్ ఆసుపత్రి ఆవరణలోనే ఉండటం, వెళ్లే డాక్టర్లు అదే ఆసుపత్రివారు కావడం. దాని హద్దు కూడా త్వరలోనే బయటపడింది. 2025 మే 17న కేదార్‌నాథ్‌లో రోగి కోసం దిగుతూ ఆ హెలికాప్టర్ దెబ్బతింది. తోక విరిగింది, లోపల ఉన్న ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి దగ్గరగా వచ్చే ప్రాంతం ఉత్తరాంధ్ర ఏజెన్సీ. అల్లూరి సీతారామరాజు జిల్లా, పార్వతీపురం మన్యం జిల్లాల్లో కొండ మీది ఊళ్ల నుంచి గర్భిణులను డోలీలో మోసుకొచ్చే దృశ్యాలు ఏటా వానాకాలం పత్రికల్లో కనిపిస్తాయి. పాడేరు నుంచి విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఘాట్ రోడ్డు మీదుగా వంద కిలోమీటర్లకు పైనే. హెలికాప్టర్‌కు అది అరగంట పని కూడా కాదు. కాగితం మీద ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

నేల మీద చూస్తే చిక్కులు వేరు. డోలీ మోసేది ఊరి నుంచి రోడ్డు దాకా; ఆ ఊళ్లు వాలు మీద ఉంటాయి, హెలికాప్టర్ దిగేంత చదును నేల అరుదు. వాగులు పొంగి దారులు తెగేది జులై నుంచి సెప్టెంబరు వరకు. మబ్బులు కొండల మీదికి దిగేది కూడా సరిగ్గా అప్పుడే. నొప్పులు రాత్రి మొదలవుతాయి. మన దేశంలో ఇలాంటి హెలికాప్టర్లు ఎక్కువగా పగటి వెలుగులోనే ఎగురుతాయి. అన్నిటికీ ముందు, చాలా ఊళ్లలో ఫోను సిగ్నల్ లేదు. ఒక మనిషి కొండ దిగి, సిగ్నల్ దొరికే చోటికి నడిచి 108కి ఫోను చేసేసరికే గంటో రెండు గంటలో అయిపోతాయి. గంటకు 230 కిలోమీటర్ల వేగం ఆ నడక ముగిసేదాకా మొదలే కాదు.

ఈ ప్రాంతంలో పనికొచ్చిన ప్రయత్నాలు చూడటానికి అంత ఆర్భాటంగా ఉండవు. ఇరుకు దారుల్లోకి వెళ్లగల బైక్ అంబులెన్సులు వచ్చాయి. సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) 2018లో వసతి గృహం పెట్టింది. కాన్పు తేదీకి వారాల ముందే వచ్చి అక్కడ ఉంటారు, నొప్పులు వచ్చేసరికి ఆసుపత్రి పక్కనే ఉంటుంది. హెలికాప్టర్‌కూ అంబులెన్స్‌కూ మధ్య పోలికలో ఎవరూ లెక్కలోకి తీసుకోని మూడో మార్గం ఇది. 108కి వచ్చే కాల్స్‌లో కాన్పులది పెద్ద వాటా కాబట్టి చిన్న మార్గమూ కాదు. పాడేరులో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ సర్జన్లు, మత్తు డాక్టర్లు నిలిచి ఉంటే విశాఖ ప్రయాణాలే తగ్గుతాయి.

వీటన్నిటి తర్వాతా కొందరు మిగులుతారు. పాముకాటుకు ఊపిరి అందనివారు, కాన్పు తర్వాత రక్తస్రావం ఆగనివారు, మావోయిస్టుల మందుపాతర దెబ్బలో చిక్కుకున్నవారు, గోదావరి వరదలో లంకల్లో ఉండిపోయినవారు. వారికి హెలికాప్టర్ నిజంగానే కావాలి. విశాఖ కేంద్రంగా అలాంటి సేవ పెట్టాలంటే నాలుగు ఏర్పాట్లు ముందుండాలి: ఆసుపత్రి ఆవరణలో హెలిప్యాడ్, మండలాల వారీగా ముందే కొలిచి గుర్తించి ఫోను సిగ్నల్ ఏర్పరచిన కలిసే చోట్లు, కంట్రోల్ రూమ్‌లో ఏ కేసుకు ఏ వాహనమో నిర్ణయించే డాక్టరు, బయటికి వెళ్లి చికిత్స చేయడానికి శిక్షణ పొందిన బృందం. వీటిలో హెలిప్యాడ్ తప్ప మిగిలిన మూడూ హెలికాప్టర్ రాకముందే మొదలుపెట్టదగినవి. అది ఎన్నటికీ రాకపోయినా 108కి మర్నాటి నుంచే పనికొచ్చేవి.